బొటనవేలి కింది మాట

వెంకటరమణమ్మకి ఇంగ్లీషు రావడం ఒక ఎత్తు, ఆ ఇంగ్లీషు మాటని ముళ్లు తీసిన చేపలా మెత్తగా తెలుగు చేసి పెట్టడం ఇంకో ఎత్తు. ఆ రెండో విద్య కోసమే మిషను సూపర్నెంటు గురునాథరావు గారు ఆవిడని ఆనందపురం నుంచి పిలిపించారు. మీదే మతమని అడగలేదు. ఇంటర్లో ఇంగ్లీషుకి ఎన్ని మార్కులొచ్చాయని అడిగారు.

"దొరలేమన్నా జనానికి కష్టం కలగకూడదు. జనమేమన్నా దొరలకి కష్టం కలగకూడదు. అది చూసుకోమ్మా చాలు. ఆరు రోజుల పని. బాగా జరిగితే జూన్‌లో మా బళ్లో టీచరు పోస్టుంది" అన్నారాయన.

టీచరు పోస్టు! రమణమ్మకి ఇరవై నాలుగేళ్లు. అన్న స్టీలుప్లాంటులో కంట్రాక్టరు దగ్గర ఇనుము మోయిస్తున్నాడు. వదిన రోజుకోసారి కంచంలో అన్నం పెడుతూ, ఈ చదువెందుకు చదివించారో అని గోడకి చెప్పినట్టు చెబుతుంది. ఆ మాట వినకుండా అన్నం తినొచ్చంటే రమణమ్మ ఆరు రోజులు కాదు, ఆరు నెలలైనా ఇసకలో నిలబడి తెలుగు చేస్తుంది.

అలా ఎనభై మూడో సంవత్సరం ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున్న, భీమిలికి ఇవతల బస్సు దిగి జాలరిపేటలోకి నడిచింది. సముద్రానికి దగ్గరగా నాలుగు గుంజలు పాతి తాటాకు పందిరి వేశారు. ఓ పక్క తెప్పలు, ఓ పక్క ఎండేసిన వలలు. పందిరి కింద యాభై మంది పిల్లలు ఒకళ్ల మీద ఒకళ్లు పడి కూచున్నారు. కెనడా నుంచి వచ్చినవాళ్లు ఇద్దరే. పెద్దాయన వాల్టరు, నెరిసిన జుట్టు, నెమ్మదైన మాట. హెలెన్ అనే పిల్ల, రమణమ్మ కన్నా రెండేళ్లు చిన్నదై ఉంటుంది, ఎండకి ముక్కు మీద తోలు ఊడిపోతోంది. ఊళ్లోవాళ్లకి ఆ పిల్ల మొదటిరోజే 'దొరసాని' అయిపోయింది.

హెలెన్ చేతులూపుతూ పాట నేర్పింది. అలలు వస్తే చేతులిలా, చేప ఈదితే చేతులిలా. పిల్లలు కిందపడి నవ్వారు. చేప ఈదడం ఎలాగో వాళ్లకి ఒకరు నేర్పాలా ఏమిటి! అయినా ముచ్చటపడి, దొరసాని చెయ్యి తిప్పినట్టే తిప్పారు. పాటయ్యాక హెలెన్ ఉన్నిగుడ్డ చుట్టిన బోర్డు నిలబెట్టి, దాని మీద అంటుకునే బొమ్మలు ఒక్కొక్కటీ అతికించింది. పడవ, సముద్రం, గెడ్డాల మనుషులు, వల.

ముందు వరసలోంచి ఎనిమిదేళ్ల గుంట ఒకత్తి లేచింది. నూనె లేని జుట్టు, నడుం దగ్గర పిన్నీసు పెట్టిన గౌను. పేరు పైడితల్లి. బోర్డు దగ్గరికి తిన్నగా వెళ్లిపోయి, వల పట్టుకున్న బొమ్మని వేలితో పొడిచి చూపించింది.

"ఈడికి వల ఇసరడం రాదు టీచరమ్మా. ఓ కొస పళ్లతో కరిసి పట్టుకోవాల. ఇలగ ఇసిరితే వలతోపాటు ఈడూ ఎల్లి నీట్లో పడతాడు."

అంటూనే గౌను అంచు పళ్లతో పట్టుకుని, ఒక గిరక తిరిగి, లేని వలని ఇసక మీద విసిరింది. పందిరి గొల్లుమంది.

"ఏమంటోంది?" అని హెలెన్ ఆత్రంగా అడిగింది.

"బొమ్మ చాలా బాగుందంటోంది" అంది రమణమ్మ.

హెలెన్ మొహం వెలిగిపోయింది. పిల్ల బుగ్గ పుణికి బిస్కట్టు పెట్టింది. పైడితల్లి బిస్కట్టు వంకా రమణమ్మ వంకా అనుమానంగా చూసి, సగం కొరికి, మిగతా సగం గౌను జేబులో వేసుకుంది. ఎవరికీ కష్టం కలగలేదు. రమణమ్మ మనసులో తన్ను తానే మెచ్చుకుంది కూడాను.

మంగళవారమూ అలాగే గడిచింది. పొద్దున్న పాట, తరవాత కథ, తరవాత పలకల మీద అక్షరాలు, పన్నెండింటికి గోధుమరవ్వ ఉప్మా. హెలెన్ పిల్లల చేతులు ఒక్కొక్కళ్లవీ సబ్బుతో కడిగేది. గోళ్లలో పొలుసులు ఉంటే పుల్లతో తీసేది. మంచి పిల్ల, అందులో సందేహం లేదు. సాయంత్రం బస్సు దాకా రమణమ్మతో నడిచొస్తూ, ఈ మాట తెలుగులో ఎలా అంటారు, ఆ మాట ఎలా అంటారు అని అడిగి పుస్తకంలో రాసుకునేది.

బుధవారం ఆ పుస్తకం కాక ఇంకొకటి తెచ్చింది. దాన్లో అట్టముక్కలు. పట్నంలో మిషను హాస్టల్లో తండ్రి లేని పిల్లలకి ఐదు సీట్లున్నాయి. తిండి, బట్ట, పదో తరగతి దాకా చదువు. నాలుగు భర్తీ అయ్యాయి. ఐదోది ఈ పేట నుంచి చూడమని వాల్టరు గారు చెప్పారట. హెలెన్ పిల్లల్ని ఒక్కొక్కళ్లనే ఎదురుగా కూచోబెట్టుకుని కబుర్లు మొదలెట్టింది. మీ అమ్మ ఏం చేస్తుంది, మీ నాన్న ఏం చేస్తాడు, అన్నలెందరు. సీటు సంగతి పిల్లలకి చెప్పలేదు.

పైడితల్లి వంతు వచ్చింది. వల ఎలా విసరాలో చెప్పిన పిల్ల కదా, గలగలా మాట్లాడింది. అమ్మ పేరు సీతాలు, చేపలు ఎండేస్తుంది. నానమ్మ జోగమ్మకి కళ్లు ఆనవు. మేక ఈనింది.

"మీ నాన్న?"

"మా అయ్య ఏటకెల్నాడు." చేపలకి వెళ్లడాన్ని పేటలో వేటకెళ్లడం అంటారు. ఆ పాటి రమణమ్మకి తెలుసు, ఇంగ్లీషు చేసి పెట్టింది.

"ఎప్పుడొస్తాడు ఇంటికి?" అంది హెలెన్, అట్టముక్క మీద ఏదో రాస్తూ.

రమణమ్మ అడిగింది. పైడితల్లి నోరు టక్కున మూతపడిపోయింది. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఇసకలోకి చూసింది. వెనక కూచున్న పిల్లలు కూడా ఒక్కసారి చప్పుడు మానేసి తలలు వంచేశారు. అల వచ్చి విరిగి వెనక్కి పోయింది. మళ్లీ ఇంకో అల.

హెలెన్ పెన్ను ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "చనిపోయాడా?" అంది గొంతు తగ్గించి.

అడిగితే పోయేది. ఒక్క మాట. కానీ ఎనిమిదేళ్ల పిల్లని పట్టుకుని మీ అయ్య చచ్చిపోయాడా అని ఎలా అడుగుతారు ఎవరైనా? ముళ్లు తీసి పెట్టడమే తన పని అనుకున్న మనిషి అలాంటి మాట నోటితో ఎలా అంటుంది? వంచిన ఆ తలలు చూస్తే వేరే అడగాల్సిన పనీ కనిపించలేదు.

"అవును. సముద్రంలో" అంది రమణమ్మ.

ఆ 'సముద్రంలో' అన్న మాట ఎందుకు కలిపిందో తరవాత ఎంత ఆలోచించినా ఆవిడకే తెలియలేదు. వాక్యం నిండుగా ఉంటుందని కాబోలు.

హెలెన్ కెమెరా తీసింది. అప్పటికప్పుడు బొమ్మ బయటికి వచ్చే కెమెరా అది. తెల్లకాగితం మీద మెల్లిగా తన మొహం తేలడం చూసి పైడితల్లి దిగులు మర్చిపోయి, "ఓలమ్మో, నానే!" అని గెంతింది. హెలెన్ ఆ బొమ్మని అట్టకి అంటించి, తండ్రి పేరేమిటని అడిగింది. సూరన్న అని చెప్పింది పిల్ల, పేరు చెప్పడానికి ఏ అడ్డమూ లేనట్టు. హెలెన్ ఆ పేరు రాసి, పక్కన ఒక్క ఇంగ్లీషు మాట రాసింది. మరణించెను అని.

* * *

శుక్రవారం పొద్దున్న, పైడితల్లికి హాస్టల్లో సీటొచ్చిందని సీతాలుకి కబురెళ్లింది. మధ్యాహ్నం గురునాథరావు గారు రమణమ్మకి ఒక ఫారం ఇచ్చి, తల్లి చేత వేలిముద్ర వేయించుకు రమ్మన్నారు. సంచీలో ఫారం, ఇంకు పేడ్, అట్టల పుస్తకం పెట్టుకుని రమణమ్మ పేటలోకి వెళ్లింది. సీతాలు ఇంటి ముందు గోనెపట్టా మీద చేపల్ని చీల్చి ఉప్పు పట్టిస్తోంది. కత్తి కాలి కింద పెట్టి నొక్కుకుని, చేపని ఒక్క లాగు లాగితే రెండు చెక్కలవుతోంది. పిల్ల చెప్పినట్టే గుంజకి మేకపిల్ల కట్టేసి ఉంది. గడపలో ముసలి జోగమ్మ వల చిరుగులు చేత్తో తడిమి చూసుకుంటోంది.

సీతాలు తలెత్తింది. నుదుట రూపాయంత బొట్టు. చేతుల నిండా ఎర్రగాజులు. మెళ్లో పుస్తెలతాడు.

రమణమ్మ గోనెపట్టా ముందే నిలబడిపోయింది.

"రా టీచరమ్మా. మా పైడి నీ పేరు జపం సేస్తంది. కూకో, ఆ పీటేసుకో. ఏటి, అలగ నిలబడిపోనావు?"

"మీ ఆయన..."

"ఏటకెల్నాడు. హార్బరులో ట్రాలరు మీద పన్జేస్తాడు. ఒడిసా దాటి అవతలెక్కడికో ఎల్తారు, రొయ్యలకి."

"మరి ఎప్పుడొస్తా..."

మాట పూర్తికాలేదు. సీతాలు ఒక్క ఉదుటున లేచి అరచెయ్యి రమణమ్మ నోటికి అడ్డం పెట్టింది. చేపనెత్తురు, ఉప్పు, పొలుసులు. పెదాల మీద ఉప్పు తగిలింది.

"తప్పు తప్పు" అంది గడపలోంచి జోగమ్మ. "ఏటకెల్లినోడు ఎప్పుడొస్తాడని అడగరమ్మా. అడిగినా ఎవులూ సెప్పరు. ఆ మాట గంగమ్మ ఇంటాది. నాను సెప్పాలి గానీ నువ్వెవర్తివే సెప్పడానికని కోపమొచ్చి ఆపీస్తాది. సిన్నప్పట్నించీ పిల్లల నోళ్లకి సెయ్యి అడ్డెట్టి నేర్పుతాం ఇది. మీ మెట్టోళ్లకి తెల్దులే."

రమణమ్మ నోరు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది. అరచెయ్యి అడ్డం పెట్టుకున్న పిల్ల, వెనక వంచిన తలలు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఎంత పని చేశానురా దేవుడా అనుకుంది.

సీతాలు మళ్లీ కూచుని కత్తి కాలికింద పెట్టుకుంది. కానీ ఈసారి చేప సరిగ్గా చీలలేదు. చూపు గుడిసెల మీదుగా సముద్రం దాకా పోయి వచ్చింది. ట్రాలరు వెళ్లి ఎన్నాళ్లయిందని రమణమ్మ అడగలేదు. వస్తుంటే సందులో ఎదురైన చేపలమ్మే మంగాయమ్మ, ఎవరిదని చెప్పకుండా, ఒక బోటు సంగతి చెవిలో వేసింది; అది ఈ బోటేనని ఇప్పుడర్థమైంది. పన్నెండు రోజుల్లో తిరిగొచ్చే బోటు ఇరవై రోజులైనా రాలేదు. దాంతో వెళ్లిన మిగతావి వచ్చేశాయి. కంపెనీ వాళ్లని అడిగితే మాకూ కబురు లేదంటున్నారు. పేటలో ఆ మాట ఎవరూ పైకి అనడం లేదు. సీతాలు మాత్రం పొద్దున్నే ఇంత పెద్ద బొట్టు పెట్టుకుంటోంది.

"టీచరమ్మా, నిజం సెప్పు. ఇంతమంది పిల్లల్లో మా గుంటకే ఎందుకిచ్చారు సీటు?"

రమణమ్మ మేకపిల్ల వైపు చూసింది. "బాగా చదువుతుందని" అంది.

ఆ మాటకి సీతాలు మొహం ఎలా విచ్చుకుందో! కొంగుతో చేతులు తుడుచుకుని, "ఏదీ, ఎక్కడెయ్యాల ముద్ర?" అని బొటనవేలు చాపింది. "ఆల అయ్యొచ్చేతలికి కూతురు పట్నంలో సదువుతుంటాది. సూస్తాడు."

పేడ్ సంచీలోనే ఉంది. "ఇంకు పేడ్ మర్చిపోయాను. రేపు వేద్దువు గానీ" అంది రమణమ్మ. లేచి, వెనక్కి చూడకుండా గబగబా నడిచింది.

గురునాథరావు గారు రోడ్డు మీద జీపు దగ్గర ఉన్నారు. రేపటి సభకి సామాను దింపించుకుంటున్నారు. రమణమ్మ చెప్పిందంతా విన్నారు. విని కళ్లద్దాలు తుడుచుకున్నారు. చెడ్డవాడేం కాదాయన. ఇరవై ఏళ్లుగా ఎంతమంది పిల్లల్నో చేయిపట్టి బళ్లో వేసిన మనిషి.

"ఇరవై రోజులైనా బోటు రాలేదంటున్నావు."

"అవునండీ."

"మరి నువ్వు చెప్పింది తప్పని ఎలా అంటున్నావమ్మా?"

రమణమ్మ సంచీలోంచి ఫారం తీసి ఆయన చేతికిచ్చేసింది.

"ఆయనొస్తే మంచిదే, అప్పుడు చూసుకుందాం. రాకపోతే? ఈ సీటు రేపే ఇంకొకరికి పోతుంది. రెండు నెలలు పోయాక నువ్వూ నేనూ వెళ్లి ఆ తల్లికి ఏం చెబుతాం? నీ మాట ఎవరికీ చెడు చెయ్యలేదు. వదిలెయ్. రేపు ముద్ర నేనే వేయిస్తాను. నీ ఆర్డరు కూడా జూన్ ఒకటో తారీకుకి టైపు చేయిస్తున్నాను."

ఆనందపురం బస్సులో కిటికీ పక్కన కూచుని రమణమ్మ ఆ మాటలన్నీ మళ్లీ మళ్లీ తిప్పుకుంది. ఎక్కడ పట్టుకుని తప్పనాలో దొరకలేదు. ఆయన చెప్పినదాన్లో పిల్ల మేలుంది, తల్లి మేలుంది, తన మేలు కూడా ఉంది. సూరన్న ఒక్కడే లేడు. అందరి మేలూ కలిసి రావాలంటే అతను రాకుండా ఉండాలి. తనకి తెలియకుండానే తను అది కోరుకుంటోందా? ఆ ఆలోచన రాగానే భయమేసి, పక్కన కూచున్న ముసలామెని టైమెంతయిందని అనవసరంగా అడిగింది.

* * *

శనివారం వీడ్కోలు సభ. పందిరికి కాగితాల తోరణాలు కట్టారు. పిల్లలు తలలకి నూనె రాసుకుని వచ్చారు. ఆడవాళ్లు పసిపిల్లల్ని చంకనేసుకుని, మగవాళ్లు బీడీలు ఆర్పేసి, పేటంతా కూడింది. సీతాలు ఉతికిన చీర కట్టుకుని జోగమ్మని చెయ్యి పట్టి తీసుకొచ్చింది. ఆమె బొటనవేలికి నల్లటి ఇంకు అంటి ఉంది. ఫారం అయిపోయిందన్నమాట.

పిల్లలు పాట పాడారు. హెలెన్ ఏడుస్తూ నవ్వుతూ చేతులూపింది. వాల్టరు గారు లేచి రెండు మంచి మాటలు చెప్పారు, రమణమ్మ తెలుగు చేసింది. ఆయన పైడితల్లిని పిలిచారు. పిల్ల వెళ్లి నిలబడింది. ఆయన దాని తల మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకున్నారు. గొంతులో నిజమైన దయ ఉంది.

"ఈ బిడ్డ తండ్రిని సముద్రం తీసుకుపోయింది. ఈ రోజు నుంచి ఈమెకి తండ్రి లేని లోటు లేకుండా..."

అని ఇంగ్లీషులో చెప్పి ఆగారు, తెలుగు కోసం.

రమణమ్మ నోరు తెరుచుకోలేదు.

జనం చూస్తున్నారు. పైడితల్లి మెడ తిప్పి చూస్తోంది. వాల్టరు గారు ఒక కన్ను తెరిచారు. గురునాథరావు గారి చూపు ఒంటికి తగులుతోంది. ఆయన గొంతు సవరించుకుని, తనే అందుకున్నారు.

"ఈ బిడ్డ తండ్రిని..."

"ఆగండి" అంది రమణమ్మ. అంత గట్టిగా అనాలనుకోలేదు. తరవాత వాల్టరు గారి వైపు తిరిగి ఇంగ్లీషులో, బళ్లో పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "ఆయన చనిపోలేదండి. పిల్ల ఆ మాట చెప్పలేదు. నేను అడగలేదు కూడా. అడగకుండానే చెప్పాను. సముద్రం మీద ఉన్న మనిషి ఎప్పుడొస్తాడో వీళ్లు చెప్పరు, అందుకని ఊరుకుంది. తప్పు నాది."

హెలెన్ రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఏటన్నాది? మా గుంట పేరెత్తేరు. ఏటి టీచరమ్మా?" సీతాలు లేచి నిలబడింది.

రమణమ్మ ఈసారి ఒక్క ముల్లూ తియ్యలేదు, యాస కూడా వాళ్లదే వచ్చేసింది. "సీటు తండ్రి లేని పిల్లలకి సీతాలూ. మీ ఆయన చచ్చిపోయాడని వాళ్ల కార్డులో రాసుకున్నారు. నానే సెప్పేను. బుధవారం నాడు. అందుకే ఇచ్చేరు సీటు. నిన్న నువ్వు అడిగితే అబద్ధం సెప్పేను."

సీతాలు తన బొటనవేలు వంక చూసుకుంది. ఇంకుని చీరకేసి రుద్దింది. పోలేదు. ఇంకా గట్టిగా రుద్దింది.

"నాను ఏలేసింది దానికా? ఆడు సచ్చిపోనాడని ముద్దరేసీసినానా?"

 వాల్టరు గారు కలవరపడి గురునాథరావు గారితో ఏదో అన్నారు. ఆయన రమణమ్మకి చెప్పారు: "కబురేమైనా ఉందా, ఎప్పుడొస్తాడో అడగమంటున్నారు. ఏదో ఒకటి తేలితే..."

"ఆ మాట నేనడగను" అంది రమణమ్మ.

అయితే ఆయనే అడిగారు. మెత్తగానే అడిగారు. "మీ ఆయన ఎప్పుడొస్తాడమ్మా?"

పేటంతా ఒక్కసారి తల వంచింది, ఎవరో చేత్తో వంచినట్టు. వంచనిది సీతాలు ఒక్కత్తే. జనం మధ్యలోంచి నడిచి పందిరి ముందుకి వచ్చింది. వాల్టరు గారి చేతి కింద నుంచి కూతుర్ని లాక్కుంది.

"బేస్తవారం" అంది.

"సీతాలూ!" అని వెనక నుంచి ఎవరో కేక పెట్టారు.

"రాసుకోమను. బేస్తవారం వస్తాడు. ఆ సచ్చినాడన్న మాట కొట్టీసి, అక్కడ బేస్తవారమని రాసుకోమను."

జోగమ్మ కొంగు చెవులకి కప్పుకుని ఇసకలో చతికిలబడిపోయింది. ఆడవాళ్లు ఒకళ్లనొకళ్లు పట్టుకున్నారు. ఇరవై ఒక్క రోజులు పళ్లబిగువున దాచుకున్న మాటని సీతాలు నలుగురిలో పారేసింది. పారేశాక తెలిసింది కాబోలు ఏం చేసిందో, పిల్లని ఎత్తుకుని, ఎనిమిదేళ్ల పిల్లని చంటిపిల్లలా ఎత్తుకుని, పందిరి దాటి పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది.

నియమం నియమమే. సీటు తండ్రి లేని పిల్లలకే. వాల్టరు గారు ఆ సంగతి చాలా బాధపడుతూ చెప్పి, సీతాలు ముద్రేసిన ఫారం అడ్డంగా చింపేశారు. గురునాథరావు గారు జీపు ఎక్కుతూ, "జూన్‌లో రానక్కర్లేదమ్మా" అని మాత్రం అన్నారు. హెలెన్ అట్టల పుస్తకంలోంచి పైడితల్లి కార్డు తీసింది. సీతాలు అన్నది రమణమ్మ చెప్పగా విని, మరణించెనన్న మాట మీద అడ్డగీత గీసి, బేస్తవారమని రాయబోయింది. రమణమ్మ పెన్ను పట్టుకుని ఆపేసింది.

"వద్దు. ఏమీ రాయొద్దు" అంది.

హెలెన్ కార్డు ఆవిడ చేతిలో పెట్టింది.

* * *

బేస్తవారం పొద్దున్నే, ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజికి వెళ్తున్నానని వదినకి చెప్పి రమణమ్మ విశాఖపట్నం బస్సెక్కింది. ఫిషింగ్ హార్బరులో ఐసు లారీల మధ్య నుంచి, రొయ్యల తలల గుట్టలు దాటుకుంటూ జెట్టీ చివరికి వెళ్లింది. సీతాలు పాత తాళ్ల కుప్ప మీద కూచుని ఉంది. పక్కన పైడితల్లి. సీతాలు చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. రమణమ్మ పదడుగుల దూరంలో ఒక డ్రమ్ము మీద కూచుంది.

బోట్లు వచ్చాయి. ఏదీ ఆ బోటు కాదు. పైడితల్లి ఒకసారి వచ్చి, "అమ్మ అన్నం తినటం నేదు" అని చెప్పి వెళ్లిపోయింది. పేటలో సీతాలు ఇంటికి నాలుగు రోజులుగా ఎవరూ నిప్పుకి గానీ ఉప్పుకి గానీ రావడం లేదని చేపల గంప దించుకుంటూ మంగాయమ్మ చెప్పింది. "ఆ నోటితో అనకూడని మాటనీసింది. ఆడికేటైనా అయితే దీని నోరే కారనం" అంది. పొద్దు వాలేదాకా చూసి ముగ్గురూ లేచారు. సీతాలు బొట్టు చెమటకి కారి కనుబొమ్మల దాకా వచ్చింది.

శుక్రవారం కూడా రమణమ్మ వెళ్లింది. ఎందుకొచ్చావని అడిగితే చెప్పడానికి ఆవిడ దగ్గర ఏమీ లేదు. ఇంట్లో ఉండలేకపోయింది, అంతే.

మూడు గంటల వేళ, చానల్లోకి ఒక ట్రాలరు ఇంకో ట్రాలరుని తాడేసి లాక్కుంటూ వచ్చింది. వెనకదానికి ఇంజను చప్పుడు లేదు, పక్కన రంగు పెచ్చులూడిపోయింది. జెట్టీ మీద ఒక్కసారి గోల లేచింది. పైడితల్లి లేచి నిలబడింది. రమణమ్మ డ్రమ్ము దిగి వచ్చి, చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని, డెక్కు మీద కనిపిస్తున్న తలల్ని ఒకటీ రెండూ అని లెక్కపెట్టబోయింది.

సీతాలు ఆవిడ చెయ్యి పట్టి కిందికి లాగేసింది.

"లెక్కెట్టకు. సూడకు. ఉంటే ఆడే పిలుస్తాడు."

ముగ్గురూ తాళ్ల కుప్ప మీద తలలు వంచుకుని కూచున్నారు. సీతాలు పట్టు వదల్లేదు.  తాళ్లు పడ్డ చప్పుడు. మనుషులు గెంతిన చప్పుడు. ఎవరెవరివో పేర్లు. ఎవరిదో గొల్లున ఏడుపు, ఏడుపో నవ్వో తెలియనిది. అలా చాలాసేపయింది. రమణమ్మకి ఊపిరి తియ్యడం కూడా చెడు చేస్తుందేమో అనిపించింది.

"ఓలె, పైడీ!"

గొంతు బొంగురుపోయి ఉంది. పిల్ల ఒక్క గెంతు గెంతింది. సీతాలు తలెత్తలేదు. వంచిన తలతోనే ఏడ్చింది, భుజాలు ఎగిరెగిరిపడేలా. అతనొచ్చి ఎదురుగా నిలబడితే, అప్పుడు లేచి, "ఇంజనాగిపోతే ఆగిపోద్ది, కబురైనా అంపలేవేటి, నీ సేతులు పడిపోనాయేటి!" అని గుండెల మీద నాలుగు గుద్దులు గుద్దింది.

సూరన్న గడ్డం పెరిగి, పెదాలు పగిలి, సగం మనిషయ్యాడు. లాక్కొచ్చిన బోటువాళ్లిచ్చిన చేపల సంచీ భుజాన వేలాడుతోంది. "సముద్రం మజ్జిలో పోస్టాఫీసుందేటే" అని నవ్వబోయి దగ్గాడు. తరవాత తాళ్ల కుప్ప మీద కూలబడ్డాడు. కూతురు పక్కనే చేరి అతని చొక్కా పట్టుకుని కూచుంది.

"ఏటే ఊర్లో ఇసేసాలు?"

సీతాలు కొంగుతో మొహమంతా తుడుచుకుంది. బొట్టు కూడా సగం తుడుచుకుపోయింది. "ఏటుంటాయి? ఏటీ నేవు. దొరలొచ్చేరు. గుంటకి ఫోటో తీసేరు" అంది.

"ఫోటోయా? ఏదీ?"

సీతాలు రమణమ్మ వంక చూసింది. ఆవిడ సంచీలో చెయ్యి పెట్టి కార్డు తీసింది. సూరన్న చేతులు లుంగీకి రెండుసార్లు తుడుచుకుని కూడా ముట్టుకోలేదు, మాసిపోతుందని. ముందుకి వంగి చూశాడు.

"అచ్చం ఇదే! బాగొచ్చింది. ఈ రాతేటి, టీచరమ్మా?"

"పైడితల్లి. ఎనిమిదేళ్లు" అని చదివింది రమణమ్మ. "తండ్రి సూరన్న."

"నా పేరే! ఇంగిలీసులో! ఇంకేటి రాసేరు?"

"అంతే" అంది రమణమ్మ.

ఆవిడ బొటనవేలు కార్డు మీద, అతని పేరు పక్కన, గట్టిగా నొక్కి ఉంది. గోరు తెల్లబడేంత గట్టిగా. సీతాలు ఆ వేలిని చూసింది.  తరవాత మొగుడి సంచీలోంచి రెండు చేపలు తీసి కాగితంలో చుట్టి, రమణమ్మ సంచీలో కూరింది.

"ముళ్లెక్కువ" అంది. "సూసుకుని తిను."